ఎవరూ తాకని అంకె

పోయిన వారం మనం వదిలినప్పుడు అక్క మంచం అంచున కూర్చుని ఉంది. చెల్లెలు చేతిలో కాఫీ కప్పు, నోటిదాకా వెళ్ళకుండా మధ్యలోనే ఆగి ఉంది. "నేనే మార్చానేమోనే" అంది అక్క.

ఆ మాట వెనకున్న కథ తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. అక్క నిద్ర మీద పరిశోధన చేస్తుంది. మనిషి మేల్కోవడానికి కాస్త ముందు, ఒళ్ళింకా నిద్రలోనే ఉండగా, మెదడులో ఒక చిన్న అల లేస్తుందని కనిపెట్టింది. మెదడు కదలికల్ని కొలిచే ప్రోగ్రామ్ పేరు కెరటం. రాసింది ఆమె భర్త. అందులో గడప అని ఒక అంకె ఉంటుంది. గడప కంటే ఎత్తు లేచిందే అల. దాని కింద ఉన్నది వట్టి అదురు, లెక్కలోకి రాదు. గడప నలభై అని అక్క తన పేపర్లో రాసింది. ఇంకో ల్యాబ్‌వాళ్ళు నలభై పెట్టి తమ రికార్డింగుల్లో వెతికితే అల కనపడలేదు. అక్క ఫైళ్ళు తెప్పించి తెరిస్తే వాటిలో గడప ఒకచోట ముప్ఫై ఏడు, ఒకచోట ముప్ఫై ఎనిమిది, ఒకచోట ముప్ఫై అయిదు. ఎక్కడా నలభై లేదు. గడప తగ్గిస్తే అదురు కూడా అలగా చెలామణీ అయిపోతుంది. ఆ రోజే, అంటే మూడు వారాల కిందట, ఆమె ల్యాప్‌టాప్‌కి రికార్డింగులతో సహా సీలు వేసి విచారణ సంఘంవాళ్ళు పట్టుకుపోయారు. విచారణ ఇవాళ మధ్యాహ్నం. జవాబు లేకపోతే ల్యాబ్ పోతుంది. దానితోపాటు, ఇక మీదట ఆమె ఏం చెప్పినా నమ్మేవాళ్ళు పోతారు.

"నేను తాకలేదు" అని అందరి ముందూ తలెత్తి చెప్పిన మనిషి, ఇవాళ పొద్దున్న చెల్లెలి ముందు తలదించుకుని "నేనే మార్చానేమోనే" అంది.

చెల్లెల్ని ఇంట్లో అందరూ పిట్ట అంటారు. ఉద్యోగంలో పదిమంది చేత పని చేయించే వయసొచ్చినా ఆ పేరు పోలేదు. పిట్ట కప్పు కిటికీ మీద పెట్టి వచ్చి అక్క పక్కన కూర్చుంది.

"ఎప్పుడు మార్చావు?"

"తెలీదు."

"ఎందుకు మార్చావు?"

"ఆ అల ఉండాలని ఎంత కోరుకున్నానో నీకు తెలీదే పిట్టా. అంత కోరిక మనసులోనే బుద్ధిగా కూర్చుంటుందా? చేతిలోకి దిగి ఉంటే? నిద్రలో నడిచేవాళ్ళని ఎంతమందిని చూశాను! లేచి చక్కగా తలుపు తీసి, మెట్లు దిగి, మళ్ళీ వచ్చి పడుకుంటారు. పొద్దున్న అడిగితే నేను కదల్లేదు అని ఒట్టు పెడతారు. వాళ్ళు అబద్ధం చెప్పరు. నిజమూ చెప్పరు."

అనుమానం బయటివాళ్ళ దగ్గర ఉన్నంతకాలం మనిషి దానితో పోట్లాడగలడు. రోజూ అదే ప్రశ్న, అదే చూపు ఎదురవుతుంటే మెల్లగా ఆ చూపు లోపలికి వచ్చి కాపురం పెడుతుంది. అప్పుడు మనిషి తనని తానే పక్కనుంచి గమనించడం మొదలుపెడతాడు. చేయని పనికి కూడా గుర్తులు దొరుకుతాయి. అక్క అక్కడికి వచ్చేసింది. అయినా ఆ మాటలో ఏదో పిట్టకు గుచ్చుకుంది. చేతిలోకి దిగి ఉంటే.

పిట్ట తిండి తినేదే మనుషుల చేతి అలవాట్ల మీద. తెర మీద బటన్ ఎక్కడుండాలి, వేలు ఎటు జరిగితే ఏం జరగాలి, చెయ్యి ఆలోచించకుండా చేసే పనికి ప్రోగ్రామ్ ఎలా జవాబివ్వాలి, ఇదే ఆమె ఉద్యోగం.

"ఏదీ, నీ చెయ్యి చూపించు" అంది.

"జాతకం చెబుతావా?"

"చెబుతాను. లే. నా ల్యాప్‌టాప్ కూడా నీ దానిలాంటిదే. కెరటం ఎక్కించి ఇస్తాను. రోజూ ల్యాబ్‌లో ఎలా చేస్తావో అలాగే చెయ్యి. నాకేమీ వివరించకు."

హాల్లో ఒక మూలంతా బావ సామ్రాజ్యం. పెద్ద తెర, పాత కీబోర్డు, అరచెయ్యి రాసుకుని నునుపుదేరిన మౌసు. రాత్రంతా కుర్చీలోనే ఉన్నట్టున్నాడు, జుట్టు ఒకవైపు అణిగిపోయి ఉంది. మరదలు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని రావడం చూసి, అంత దిగులులోనూ ఊరుకోలేకపోయాడు.

"ఏమ్మా మరదలా, నా ప్రోగ్రామ్‌కి వంకలు పెట్టే కార్యక్రమం ఇవాళ కూడా ఉందా?"

"ఇవాళే ఉంది బావా. కెరటం కాపీ ఒకటి ఇవ్వు. అక్క వాడేదే ఇవ్వాలి. కొత్తది వద్దు."

ఇది వాళ్ళిద్దరి మధ్య అక్క పెళ్ళినాటి నుంచీ నడుస్తున్న తగువు. కెరటాన్ని బావ తన రకం కంప్యూటర్ కోసం రాశాడు. అక్కడ అది నేటివ్, అంటే అక్కడే పుట్టి పెరిగింది. తరవాత వేరే రకాల కంప్యూటర్లున్నవాళ్ళు కూడా అడిగితే మళ్ళీ మొదటినుంచి రాయలేక, ఉన్నదాని మీద ఒక తొడుగు వేసి పోర్ట్ చేశాడు. అక్క వాడేది ఆ తొడుగుది. లోపలి లెక్కలు అన్నిటిలోనూ ఒక్కటే, వెంట్రుకవాసి తేడా రాదు.

"నీ కెరటం నా ల్యాప్‌టాప్‌లో అద్దె చొక్కా తొడుక్కొచ్చినట్టుంటుంది బావా" అనేది పిట్ట.

"చొక్కా అద్దెదైతేనేం, లోపల మనిషి మంచివాడు" అనేవాడు బావ. "మూడు రకాల కంప్యూటర్లకి మూడుసార్లు రాయాలంటే నాకు మూడు జన్మలు కావాలి. నువ్విస్తావా?"

ఒక్కో రకం కంప్యూటర్‌కి ఒక్కో నడవడి ఉంటుందని పిట్ట వాదన. అక్కడే పుట్టిన ప్రోగ్రామ్‌కి ఆ నడవడి వేరే నేర్పక్కర్లేదు. పోర్ట్ చేసినది చుట్టపుచూపుగా వచ్చిన పిల్ల లాంటిది. మర్యాదగానే ఉంటుంది, కానీ గ్లాసులు ఏ అలమరలో ఉంటాయో తెలియదు. ఇన్నాళ్ళూ అది భోజనాల దగ్గర నవ్వుకునే తగువే. దానికి ఒక మనిషి బతుకుతో లంకె ఉంటుందని వాళ్ళెవరూ అనుకోలేదు.

అక్క రికార్డింగులన్నీ సీలులో ఉన్నాయి కనక పరీక్షకి బావ నిద్రే దిక్కయింది. ప్రోగ్రామ్ సరిచూసుకోవడానికి ఎప్పుడో తన నిద్రనే తాను రికార్డు చేసుకున్నాడు.

"ఆ గుట్టలేమిటే?" అంది అక్క తెరమీదికి వంగి.

"మీ ఆయన గురక" అంది పిట్ట. మూడు వారాల తరవాత అక్క పెదవి ఒకవైపు కదిలింది.

అక్క పని మొదలుపెట్టింది. కుడివైపు సెట్టింగుల పట్టీ, కిందికి కిందికి పోతుంది. పైనుంచి ఒక్కొక్క పెట్టె: తలకి ఎన్ని తీగలు, ఎంతసేపు, ఏ భాగం. అట్టడుగున మొదలు అనే బటన్. దాని పైనే గడప పెట్టె. అందులో నలభై ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది, ప్రోగ్రామ్ తెరవగానే అదే వస్తుంది. అక్క ట్రాక్‌ప్యాడ్ మీద రెండు వేళ్ళు ఆనించి, ఒక్కొక్క పెట్టె చూసుకుంటూ, మెల్లగా కిందికి దిగి, మొదలు నొక్కింది. గడప నలభై.

ఇంకోసారి. నలభై. ఇంకోసారి. నలభై.

"చూశావా?" అంది అక్క. "ప్రోగ్రామ్ తప్పేం లేదు. మిగిలింది నేనే."

పిట్ట తెర చూడడం మానేసి అక్క చెయ్యి చూసింది. వేళ్ళు బిగువుగా, జాగ్రత్తగా, పరీక్ష హాల్లో పిల్లలా ఉన్నాయి. ఒక్కసారిగా ఆమెకు తట్టింది: ఇది అక్క చెయ్యి కాదు. ఇది అక్క మనసు కాపలా కాస్తున్న చెయ్యి. ల్యాబ్‌లో ఏ చెయ్యైతే రోజూ ఈ పని చేసిందో అది ఇక్కడికి రానే లేదు. దాన్ని రప్పించాలంటే మనసుని వేరే గదిలోకి పంపించెయ్యాలి. ఎలా?

అక్కను కుదురుగా ఉండనివ్వని సంగతి ప్రపంచంలో ఒక్కటే ఉందని ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

"సరేలే. చేస్తూ ఉండు" అంది, ఏమీ ఎరగనట్టు. "అవునక్కా, బడి ఫొటో ముందురోజు నా జుట్టు కత్తిరించింది నువ్వే కదా. నేనే కత్తిరించుకున్నానని అమ్మతో ఎందుకు చెప్పావు?"

"ఇప్పుడా నీకు గుర్తొచ్చింది?"

"అమ్మ పోయేదాకా నేనే అనుకుంది. ఇవాళైనా ఒప్పుకో."

"ఏం ఒప్పుకోవాలే? కత్తెర తెచ్చింది నువ్వు! ముందు జుట్టు కళ్ళలో పడుతోందని కూర్చున్నది నువ్వు!"

"కొంచెం అన్నాను. నువ్వు గిన్నె బోర్లించి గీసినట్టు గీశావు."

"కదలొద్దంటే కదిలావు! నేను ఎడమవైపు సరిచేస్తే నువ్వు తల కుడివైపు తిప్పావు, కుడివైపు సరిచేస్తే..." అక్క ఇటు తిరిగింది. మొహం ఎర్రబడింది. చెయ్యి మాత్రం ల్యాప్‌టాప్ మీదే ఉండి, ఏళ్ళ తరబడి చేసిన పనిని తానొక్కటే చేసుకుపోతోంది. రెండు వేళ్ళు ట్రాక్‌ప్యాడ్ మీద ఒక్క విసురు విసిరాయి. పట్టీ సర్రున కిందికి జారింది. వేళ్ళు లేచిపోయాక కూడా, నెట్టి వదిలిన ఉయ్యాలలా ఇంకొంచెం జారి, ఆగింది. "...ఏడ్చింది మాత్రం ఎప్పుడు? ఫొటో చూశాక!"

మొదలు బటన్ మీదికి వేలు పోతోంది.

"ఆగు!" పిట్ట అరుపుకి బావ కుర్చీలోంచి ఎగిరిపడ్డాడు. "అక్కా, చెయ్యి తియ్యకు! కదలకు! అంకె చూడు!"

గడప పెట్టెలో ముప్ఫై ఏడు.

గోడ అవతల పొరుగింటి నీళ్ళ మోటారు ఆగిపోవడం కూడా వినిపించింది.

"నేను తాకలేదు" అంది అక్క, నెమ్మదిగా. ఆ మాట ఇన్నాళ్ళూ ఎంతమందికో చెప్పింది. ఇప్పుడు తనకు తాను చెప్పుకుంటోంది. "పిట్టా, నేను తాకలేదే!"

"తాకలేదు! నువ్వు పట్టీని జరిపావు, అంతే!" పిట్ట ఆమె భుజాలు పట్టుకుని ఊపేసింది. "పట్టీ జారుతూ జారుతూ ఆగేసరికి గడప పెట్టె సరిగ్గా కర్సర్ బాణం కిందికొచ్చింది. మిగిలిన జారుడంతా ఆ పెట్టె మింగేసింది. నువ్వు అంకెని తగ్గించమంటున్నావనుకుంది!"

బావ వచ్చి ఇద్దరి మధ్యా తల దూర్చాడు. "అలా జరగదు. పెట్టె మీద నొక్కితే గానీ అది దేనికీ వినదు. రాసినవాణ్ణి, నాకు తెలీదా?"

"నీ కంప్యూటర్‌లో వినదు. ఇక్కడ చూడు." పిట్ట ప్రోగ్రామ్ మూసి తెరిచి తనే విసిరింది. నలభై కాస్తా ముప్ఫై ఎనిమిది. మళ్ళీ విసిరింది. ముప్ఫై ఆరు.

బావ పరుగున తన కుర్చీకి పోయి అదే పని చేశాడు. మౌసు చక్రం టిక్కుటిక్కుమంటూ తిరిగింది. చెయ్యి ఆగితే చక్రం ఆగింది. మిగిలిపోయే జారుడన్నదే లేదు. నలభై నలభైలాగే ఉంది. ఆయన మౌసు వదిలేసి రెండు చేతులూ తలమీద పెట్టుకున్నాడు.

"తొడుగు" అన్నాడు. "ఆ తొడుగు ట్రాక్‌ప్యాడ్ జారుడుని కూడా చక్రం తిప్పినట్టే లెక్కేస్తోంది. పైగా నొక్కాలన్న కట్టుబాటు దానికి అందలేదు. నేను... నేను అంతా ఈ కుర్చీలో కూర్చునే సరిచూశాను."

"ఇన్నేళ్ళుగా నాకెందుకు కనపడలేదు?" అంది అక్క. "కళ్ళముందే ఉంది కదా."

"నలభై అని నీకు తెలుసు కాబట్టి" అంది పిట్ట. "తెలిసినదాన్ని ఎవరు చూస్తారు? రోజూ వచ్చే దారిలో దుకాణం బోర్డు రంగు మారిస్తే ఎన్నాళ్ళకి గమనిస్తాం?"

అక్క లేచి నిలబడింది. కళ్ళలో తడి ఉంది కానీ అవి మెరుస్తున్నాయి. అంతలోనే ఆ మెరుపు ఆగింది. "వాళ్ళ ప్రశ్న అది కాదే. లెక్కల మేడమ్ ఏమన్నదో గుర్తుందా? తప్పయితే అటూ ఇటూ పోవాలి. కొన్ని నలభై రెండు, కొన్ని ముప్ఫై ఎనిమిది ఉండాలి. నావి అన్నీ తగ్గాయి. ఒక్కటీ పెరగలేదు. గుడ్డి తప్పుకి అంత తెలివి ఎక్కడిది అంది."

లెక్కల మేడమ్ అంటే ఆ రెండో ల్యాబ్ మనిషి, తేడా కనిపెట్టినావిడ. ఆ ఒక్క వాక్యంతోనే కేసు నిలబడి ఉంది.

పిట్టకు జవాబు తట్టేసరికి నవ్వాగలేదు. నవ్వుతూనే అక్క చెయ్యి పట్టుకుని గాలిలో పైనుంచి కిందికి ఊపింది. "మొదలు బటన్ ఎక్కడుంది?"

"కింద."

"ఎప్పుడైనా పైకి జరిపి మొదలు నొక్కావా?"

అక్క తన చెయ్యి చూసుకుంది.

"కిందికి జరిపితే అంకె తగ్గుతుంది. నువ్వు ఎప్పుడూ కిందికే జరిపావు. అందుకే అన్నీ తగ్గాయి. తెలివి లేదు, కుట్ర లేదు, బావ ఆ బటన్ కింద పెట్టాడు, అంతే!"

బావ అప్పటికే కీబోర్డు ముందుకు లాక్కున్నాడు. వేళ్ళు టకటకలాడుతున్నాయి. "రెండు వాక్యాలు. రెండే రెండు వాక్యాలు రాస్తే ఈ దరిద్రం వదిలిపోతుంది. అరగంటలో కొత్త కెరటం అందరికీ పంపించేస్తాను, విచారణకి ముందే..."

"ముట్టుకున్నావంటే చూడు!" పిట్ట పోయి కీబోర్డు లాగేసుకుంది. "ఇవాళ నువ్వు దాన్ని బాగుచేస్తే, భార్యని గట్టెక్కించడానికి మొగుడు పొద్దున్నే కూర్చుని అల్లిన కథ అంటారు. నువ్వసలు ఆ గదిలోకే రావద్దు."

"నా తప్పు నేను చెప్పుకోవద్దా?"

"నీ తప్పు అదే చెప్పుకుంటుంది బావా. నువ్వు పక్కన లేకపోతేనే."

*

విచారణ గది పొడుగ్గా ఉంది. కిటికీలకు తెరలు సగం దించారు. బల్ల మీద నీళ్ళ సీసాలు, వాటి మధ్య సీలు వేసిన అక్క ల్యాప్‌టాప్. అవతలివైపు ఇద్దరే. లెక్కల మేడమ్, పొట్టిగా, చురుగ్గా, పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉంది. ఆమె పక్కన అధ్యక్షుడు. ఒకప్పుడు అక్కకు పాఠం చెప్పిన పెద్ద ప్రొఫెసర్. విద్యార్థులు ఆయనకు పెట్టుకున్న పేరు మౌనం గారు. తోడుగా ఒకరిని తెచ్చుకోవచ్చన్నారు కనక అక్క పక్కన పిట్ట కూర్చుంది. తలుపు అద్దంలోంచి వరండాలో పచార్లు చేస్తున్న బావ భుజం కనిపిస్తూ మాయమవుతూ ఉంది.

"మేం ఏమీ వివరించం" అంది పిట్ట. "మీరే ఆ ల్యాప్‌టాప్ తెరిచి, కెరటంలో ఒక రికార్డింగు నడపండి. అంతే మా విన్నపం."

"ప్రోగ్రామ్ రాసింది మీ బావగారే కదమ్మా" అంది లెక్కల మేడమ్.

"అందుకే సీలు వేసినదే తెరవమంటున్నానండీ. మూడు వారాలుగా అది మీ దగ్గరే ఉంది. మేం ముట్టుకోలేదు, ముట్టుకోం."

మేడమ్ పెన్ను మూత పెట్టేసింది. ఆ జవాబు నచ్చినట్టే ఉంది. "నాకు ఈ రకం అలవాటు లేదు. మా దగ్గర అందరివీ మౌసులే. సార్, మీరు వాడేది ఇదే కదా?"

మౌనం గారు తల ఊపి, ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కుని, సీలు చింపారు. కళ్ళజోడు సర్దుకున్నారు. ఒక్కొక్క పెట్టె చదువుతూ, వేళ్ళు అంగుళం అంగుళంగా జరుపుతూ అడుక్కి చేరారు. మొదలు నొక్కారు.

నలభై.

"నలభైయే ఉందమ్మా" అంది మేడమ్, జాలిగా.

ఇంట్లో చూసిన చెయ్యే మళ్ళీ, కాపలా ఉన్న చెయ్యి. ఈయన చేత మాట్లాడించాలి. ముప్ఫై ఏళ్ళుగా ఎవరూ మాట్లాడించలేని మనిషి చేత! ఏమడగాలి? వాతావరణమా? ఆరోగ్యమా? పిట్ట ఇంకా వెతుక్కుంటూ ఉండగానే అక్క ముందుకు వంగింది.

"సార్, ఇంకోసారి చేస్తూ ఉండండి. నేను ఒక్కటే అడుగుతాను. నేను మోసం చేశానని మీరు నమ్ముతున్నారా?"

ఆయన ఉలిక్కిపడ్డారు. ఇది అక్క పన్నిన ఎత్తు మాత్రమే కాదని పిట్టకు గొంతు వినగానే తెలిసింది. ఎత్తూ అదే, బాధా అదే. మూడు వారాలుగా అక్క గుండెలో ఉన్న ప్రశ్న ఇదొక్కటే.

"నమ్మాలని లేదు" అన్నారు మౌనం గారు. ఒక్కొక్క మాటా లోపలినుంచి తోడినట్టు వచ్చింది. చూపు అక్క మొహం మీద ఉంది. "నీ మొదటి పేపర్ నేను దిద్దాను. ఒక్క అంకె తేడా వస్తే నెల రోజులు నిద్రపోని పిల్లవి నువ్వు. అయినా ఏం చెయ్యను? పొరపాటైతే చెదిరిపోవాలి. కొన్ని అటు, కొన్ని ఇటు. నీవి చెదరలేదు. అన్నీ ఒకే వైపు, నీకు కావలసిన వైపే..." ఆయన ఎడమచెయ్యి గాలిలో ఆ వైపు చూపిస్తోంది. కుడిచేతి వేళ్ళు, వాటి మానాన అవి, ట్రాక్‌ప్యాడ్ మీద విసురుగా జారాయి. పట్టీ సర్రున దిగింది. చూపుడువేలు మొదలు నొక్కింది. "...దానికి నా దగ్గర వేరే అర్థం లేదమ్మా."

"సార్" అంది పిట్ట. "ఇప్పుడు మీరు ఎంత గడపతో నడిపారు?"

"నలభై."

"మీరు మార్చలేదు కదా?"

"నేనెందుకు మారుస్తాను?"

"ఒకసారి చూడండి."

ఆయన చూశారు. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్ళీ చూశారు. ముప్ఫై ఏడు.

లెక్కల మేడమ్ కుర్చీని బరబర ఈడ్చుకుంటూ తెర ముందుకు వచ్చేసింది. "ప్రతిసారీ మూసి తెరిచి మళ్ళీ చెయ్యండి సార్. అలాగే, చూడకుండా." ముప్ఫై ఎనిమిది. "మళ్ళీ!" ముప్ఫై తొమ్మిది. "మళ్ళీ!" ముప్ఫై ఆరు. "పెరగదేం? అయ్యో, బటన్ కిందుంది కదూ! కిందికే జరపాలి, తగ్గడమే తప్ప పెరగడానికి దారే లేదు!" ఆవిడ బల్ల మీద అరచేత్తో కొట్టింది. "ఒకవైపే! నేనన్న ఒకవైపు ఇదన్నమాట!" తన వాదన కూలిపోతుంటే ఆవిడ మొహం పండగ చేసుకుంటోంది. చిక్కు వీడినప్పుడు వచ్చే ఆ వెలుగు పిట్టకు బాగా తెలిసినదే. శత్రువనుకున్న మనిషిలో ఆ వెలుగు చూసేసరికి ఆమెకు కళ్ళు చెమ్మగిల్లాయి.

మౌనం గారు తన కుడిచేతిని బల్ల మీద వెల్లకిలా పెట్టి, ఎవరిదో వస్తువులా చూసుకున్నారు. తరవాత అక్క వైపు తిరిగారు. "నీ మీద పెట్టిన అభియోగం వెనక్కి తీసుకుంటున్నాను. రాసి ఇస్తాను కూడా."

వరండాలో బావ అద్దానికి ముక్కు ఆనించి లోపలికి చూస్తున్నాడు. పిట్ట బొటనవేలు ఎత్తి చూపించింది. ఆయన అక్కడే గోడకు జారబడిపోయాడు.

"పదక్కా" అంది పిట్ట, అక్క మోచెయ్యి పట్టుకుని. "ఇంటికి పోదాం."

అక్క లేవలేదు. ల్యాప్‌టాప్ వైపే చూస్తోంది.

"రికార్డింగులన్నీ ఇందులో ఉన్నాయి" అంది అక్క. "సీలు తీసేశారు. ఇప్పటిదాకా వాటిని నిజంగా నలభైతో ఎవరూ నడపలేదు. నేను కూడా."

"ఇవాళ వద్దక్కా. గెలిచాం కదా!"

"నువ్వు నా మాట గెలిపించావు. నా అల సంగతి ఎవరు తేలుస్తారు?"

"రేపు తేల్చుకోవచ్చు. ఒక్కరోజు హాయిగా పడుకో."

"నిద్ర గురించి నాకు చెప్పకే." అక్క నవ్వింది. పొద్దున్న తలదించుకున్న మనిషి ఈమేనా అనిపించింది. "ఆ అల గడప తగ్గడం వల్లే కనపడి ఉంటే, నేను అబద్ధాలకోరుని కాకపోయినా, ఇన్నేళ్ళూ లేనిదాన్ని చూసినదాన్ని అవుతాను. అది తెలియకుండా ఈ గది దాటి ఎలా పోను? మేడమ్, నలభై మీరే టైపు చెయ్యండి. బాణాన్ని దూరంగా పెట్టి, కీబోర్డుతోనే మొదలు నొక్కండి. నేను చెయ్యి వెయ్యను."

లెక్కల మేడమ్ ఆమెను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. తెర అందరికీ కనపడేలా తిప్పి కూర్చుంది. నలభై అని కొట్టి, అంకె పైకి చదివింది. రికార్డింగులన్నిటినీ ఒక్కటిగా ఎంచింది. నొక్కింది.

తెర మీద ఎడమ అంచున నీలిగీత మొదలైంది. నిద్రలో ఉన్న అంతమంది మనుషుల సగటు ఊపిరిలా అది చదునుగా, తాపీగా కుడివైపుకి సాగింది. కుడి చివర నిలువుగా ఒక ఎర్రగీత ఉంది. అది మేల్కొన్న క్షణం. అక్క అల ఉంటే దానికి కొంచెం ముందే ఉండాలి.

పిట్ట గీతను చూడలేకపోయింది. ఇంతవరకూ ప్రతి చిక్కుకీ ఆమె దగ్గర ఒక ఉపాయం ఉంది. ఇక్కడ లేదు. ఇది తొడుగు కాదు, బటన్ కాదు, చెయ్యి అలవాటు కాదు. లోపలి లెక్క. అది ఎవరి మాటా వినదు. అందుకని అక్క చేతుల్ని చూసింది. అవి ఒళ్ళో ఒకదానిలో ఒకటి బిగుసుకుని ఉన్నాయి.

"దగ్గరికొచ్చింది" అన్నారు మౌనం గారు.

అక్క చేతులు ఒక్కసారిగా విడిపోయాయి. ఎదురుగా, లెక్కల మేడమ్ కుర్చీలోంచి లేచి నిలబడింది. ఆవిడ ఏం చూసిందో వచ్చే వారం.